ఒకే బస్ మీద పన్నెండు ప్రాసెసర్లు

"సార్, ఒక ప్రాసెసర్‌కి పది నిమిషాలు పట్టే పని పదింటికి పంచితే నిమిషంలో అయిపోవాలిగా?" అని మొన్న క్లాసులో ఒక కుర్రాడు అడిగాడు. 1985 ప్రాంతంలో మల్టీప్రాసెసర్ యూనిక్స్ యంత్రం కొనబోయినవాళ్లు తేల్చుకోవాల్సిందీ ఇదే.

అప్పట్లో పోటీ పసందుగా ఉండేది. ఒరెగాన్‌ నుంచి సీక్వెంట్ వాళ్ల బ్యాలెన్స్ 8000, మసాచుసెట్స్‌ నుంచి ఎన్‌కోర్ వాళ్ల మల్టీమ్యాక్స్. మొదటిదాంట్లో 12 దాకా, రెండోదాంట్లో 20 దాకా ప్రాసెసర్లు పెట్టుకోవచ్చు. తమాషా ఏమిటంటే రెండింట్లోనూ చిప్ ఒకటే, నేషనల్ సెమీకండక్టర్ వాళ్ల 32032. ఇక చూడాల్సింది బస్, కెర్నల్.

బస్ అంటే ప్రాసెసర్లన్నీ మెమరీకి వెళ్లే ఒకే ఒక్క దారి. అక్కడ తొక్కిసలాట తగ్గించడానికి ప్రాసెసర్ల పక్కన కాష్ మెమరీ పెట్టారు. దాంతో కొత్త తంటా: ఎక్స్ విలువ 5 అని నాలుగు కాష్‌లలో ఉంది, ఒకడు దాన్ని 6 చేశాడు. మిగతా మూడింటి గతి? దీనికి విరుగుడే స్నూపింగ్, నాకు మహా ఇష్టమైన ఉపాయం. అరుగు మీద కూర్చుని వీధిలో మాటలన్నీ వినే ముసలమ్మలా ప్రతి కాష్ బస్ మీద చెవి పడేసి ఉంచుతుంది. ఫలానా అడ్రస్‌లో ఎవరో రాస్తున్నారని వినపడగానే తన దగ్గరున్న పాత నకలు కొట్టేస్తుంది. ఎవరూ ఎవరికీ కబురు పంపనక్కర్లేదు. కాకపోతే బ్యాలెన్స్‌లో రాసిన ప్రతి మాటా బస్ ఎక్కాల్సిందే. ప్రాసెసర్లు పెరిగేకొద్దీ రాతలతోనే బస్ నిండిపోతుంది.

యూనిక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ సంగతి ఇంకా గమ్మత్తు. అంతకుముందు పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు జోడించిన జంట వ్యాక్స్ యంత్రంలో కెర్నల్ నడిపేది ఒక్క ప్రాసెసరే. రెండోది సిస్టమ్ కాల్ (కెర్నల్‌కి ప్రోగ్రామ్ పెట్టుకునే వినతి) వస్తే పని పెద్దాయనకి అప్పగించేది. సీక్వెంట్ వాళ్ల యూనిక్స్ అయిన డైనిక్స్‌లో ఏ ప్రాసెసరైనా కెర్నల్ లోపలికి పోవచ్చు, ఒకసారికి ఒక్కరినే వదిలే లాక్ దొరికితే.

కొనేముందు పరీక్ష తేలికే. ఒక ప్రోగ్రామ్‌ని ఒక కాపీ, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది చొప్పున నడిపి టైమ్ కమాండ్ చూడాలి. ఉత్త లెక్కలు చేసే ప్రోగ్రామ్ వద్దు. అమ్మేవాడు ఎలాగూ అదే చూపిస్తాడు. ఫైళ్లు తెరిచి మూసేది కావాలి. కాపీలు పెరిగినకొద్దీ ఒక్కో కాపీ సిస్ అంకె (కెర్నల్‌లో గడిపిన సమయం) పెరుగుతోందంటే, ప్రాసెసర్లు లాక్ దగ్గర గిరగిరా తిరుగుతున్నాయేమోనని అనుమానించాలి. ఆ తిరుగుడూ పనిగానే లెక్కలో పడుతుంది మరి!

సీక్వెంట్‌ని 1999లో ఐబీఎం కొనేసింది. ఇప్పుడు జేబులో ఫోన్‌కే ఎనిమిది కోర్లు.

కుర్రాడి కోసం బోర్డు మీద లెక్క వేశాను. పది నిమిషాల్లో ఒక నిమిషం పని పంచడానికి వీల్లేనిదైతే, మిగతా తొమ్మిదీ పదింటికి పంచినా మొత్తం 1 నిమిషం 54 సెకన్లు. ఇరవైకి పంచితే 1 నిమిషం 27. వాడు నమ్మలేదు. మర్నాడు ల్యాబ్‌లో తానే కొలిచి కాగితం తెచ్చాడు. ఎనిమిదో కాపీ దగ్గర సిస్ అంకె కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.