వృత్తాలు వదిలేస్తే పోయేది ఒక్క పాఠం కాదు

పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే చాలు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ట్యూషన్లలో ఒక మాట తిరుగుతుంది: "సర్కిల్స్ చాయిస్‌లో వదిలేయండి. ఉన్న రెండు సిద్ధాంతాలు బట్టీ పడితే సరి." ఈ మాట నమ్మి, లెక్కలు బాగా చేసే పిల్లలు కూడా వృత్తం బొమ్మ కనబడగానే పేజీ తిప్పేస్తున్నారు.

వృత్తాల లెక్కల్లో చాలావాటిని విప్పేది లంబకోణ త్రిభుజమే. స్పర్శబిందువు దగ్గర వ్యాసార్థం స్పర్శరేఖకు లంబమని పిల్లలు గడగడా అప్పజెబుతారు. లెక్క ఇస్తే మాత్రం ఆ వ్యాసార్థం గీయరు! గీస్తే చాలు, లంబకోణం చేతికొస్తుంది. వ్యాసార్థం 5 సెం.మీ., కేంద్రం నుంచి బాహ్యబిందువు 13 సెం.మీ. అయితే, 169లో 25 పోగా 144. స్పర్శరేఖ 12 సెం.మీ. జ్యా లెక్కా ఇంతే. కేంద్రం నుంచి గీసిన లంబం జ్యాను సగం చేస్తుంది కాబట్టి, వ్యాసార్థం 10, జ్యా 16 అయితే కేంద్రం నుంచి దాని దూరం 6.

మన హార్స్‌లీ హిల్స్‌నే తీసుకోండి. కొండ మదనపల్లె కంటే అర కిలోమీటరు ఎత్తనుకుందాం. భూమి వ్యాసార్థం సుమారు 6,400 కి.మీ. దిగంతాన్ని తాకే చూపు భూమికి స్పర్శరేఖ. 6,400.5 వర్గంలోంచి 6,400 వర్గం తీసేస్తే దాదాపు 6,400. దాని వర్గమూలం 80. అడ్డుగా వేరే కొండలు లేకుంటే చూపు 80 కి.మీ. వరకు పోతుంది. వదిలేయమంటున్న పాఠం ఇదే. వృత్తఖండం వైశాల్యం కట్టాలన్నా మళ్లీ ఈ లంబకోణ త్రిభుజమే కావాలి. పైగా పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో చాయిస్ లేదు.

పిల్లల్లో కొన్ని అపోహలూ ఉన్నాయి. బొమ్మలో లంబకోణంలా కనిపిస్తే లంబకోణమేనా? కాదు, ఇచ్చి ఉండాలి లేదా నిరూపించాలి. π విలువ కచ్చితంగా 22/7 కాదు, అది దగ్గరి విలువ. కర్ణం వర్గం మిగతా రెండు భుజాల వర్గాల మొత్తమనే నియమం పైథాగరస్‌తో మొదలు కాలేదు. బౌధాయన శుల్బసూత్రంలోనూ, అంతకు ముందే బాబిలోనియా మట్టిపలకల్లోనూ ఉంది.

బట్టీ అస్సలు పనికిరాదా అంటే, కొంత ఒప్పుకోక తప్పదు. 3-4-5, 5-12-13, 8-15-17, 7-24-25 నోటికి వస్తే పరీక్షలో సమయం మిగులుతుంది. మేస్త్రీలు గోడల మూల చూసుకునేదీ 3, 4, 5 అడుగులతోనే. అయితే కర్ణం 12, ఒక భుజం 5 అని ఇస్తే చూసుకోకుండా 13 రాసేస్తారు. కర్ణం కంటే భుజం పెద్దదెలా అవుతుంది? అక్కడ జవాబు 119 వర్గమూలం. ముందు కర్ణమేదో గుర్తించాలి, ఆ తర్వాతే అంకెలు.

ట్యూషన్ చెప్పే అన్నలూ అక్కలూ, పిల్లలతో పాఠం వదిలేయించకండి. రోజుకు రెండు లెక్కలివ్వండి. సూత్రం అడిగే ముందు కేంద్రం గుర్తించి, వ్యాసార్థం గీయించండి.