చెరువు గట్టు మీద గడియారం

తాడేపల్లిగూడెం నుంచి ఒక పాఠకుడు రాశారు. వాళ్ల నాన్నగారు కైకలూరు వైపు చేపల చెరువులు లీజుకు చేస్తున్నారట. కరెంటు వచ్చినప్పుడల్లా, వేళ కాని వేళ, గట్టు మీద బండి వేసుకుని ఒక్కరే మోటారు దగ్గరికి వెళ్తారట. ఫోను ఎత్తకపోతే ఇంటిల్లిపాదికీ కంగారు. "మనిషి పడిపోతే తనంతట తనే ఫోను చేసే వాచీలు వచ్చాయి కదా, ఒకటి కొనమంటారా?" అని ప్రశ్న.

కొనాలా వద్దా అన్నది చివర్లో చెబుతాను. దాని వెనక దాగిన ప్రశ్న అంతకంటే రుచిగా ఉంది. మణికట్టుకు కట్టిన వస్తువుకు, తనను కట్టుకున్న మనిషి పడ్డాడని ఎలా తెలుస్తుంది?

ముందు మామూలు సంగతులు. ఈ వాచీల అడుగున ఆకుపచ్చ దీపాలు ఉంటాయి. ఆ వెలుగును రక్తం పీల్చుకుంటుంది కాబట్టి, తిరిగొచ్చే వెలుగులో హెచ్చుతగ్గులు లెక్కపెడితే నాడి తెలుస్తుంది. కొన్నిటిలో ఈసీజీ కూడా ఉంది. అది గుండె లయ తప్పిందా లేదా అన్నంతవరకే. గుండెపోటును ఇది పట్టలేదని యాపిల్ కంపెనీయే రాసి పెట్టింది. అయినా "వాచీ బాగానే చూపిస్తోంది" అని ఛాతీ నొప్పిని పట్టించుకోని మహానుభావులు ఉన్నారు. సరే. పడిపోవడాన్ని గుర్తించే ఏర్పాటు యాపిల్ వాచీలోకి 2018లోనూ, కారు ప్రమాదాన్ని గుర్తించేది 2022లోనూ వచ్చాయి. శాంసంగ్, గూగుల్ వాచీల్లోనూ పడితే పసిగట్టే ఏర్పాటు ఉంది. మామూలు సంగతులు ఇంతే.

ఇప్పుడు అసలు విషయం. వీటన్నిటి గుండెకాయ యాక్సిలరోమీటర్. పేరు చూసి వేగంలో మార్పును కొలుస్తుందనుకుంటాం. అలాగైతే బల్ల మీద కదలకుండా పడున్న వాచీ సున్నా చూపించాలి. చూపించదు, ఒక 'జీ' చూపిస్తుంది. జీ అంటే భూమి మనల్ని లాగే బలానికి కొలత. అదే వాచీని మేడ మీద నుంచి వదిలేయండి (పాతది). కింద తగిలేదాకా దాదాపు సున్నా చూపిస్తుంది! కదలనప్పుడు బరువు, పడుతున్నప్పుడు శూన్యం. 1907లో బెర్న్ పేటెంటు ఆఫీసులో కుర్చీలో కూర్చున్న ఐన్‌స్టీన్‌కు తట్టింది ఇదే: ఇంటి కప్పు మీద నుంచి జారిన మనిషికి పడుతున్నంతసేపు తన బరువు తనకు తెలియదు. తన జీవితంలోకెల్లా ఆనందం కలిగించిన ఆలోచన అదేనని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. సాధారణ సాపేక్ష సిద్ధాంతానికి అక్కడే విత్తనం పడింది. ఈరోజు అదే ఆలోచన బాత్‌రూములో జారిన తాతగారి మణికట్టు మీద పనిచేస్తోంది.

యాక్సిలరోమీటర్ లోపల ఉండేది సిలికాన్ ముక్క. సన్నని సిలికాన్ స్ప్రింగులకు వేలాడుతుంది. దాని అంచున దువ్వెన పళ్లలాంటి రేకులు, వాటి మధ్యలోకి చొచ్చుకొచ్చిన కదలని రేకులు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే బస్సులో డ్రైవరు బ్రేకు వేస్తే నిలబడ్డ వాళ్లంతా ముందుకు ఒరుగుతారే, అలా ఈ ముక్క ఒరుగుతుంది. రేకుల మధ్య ఎడం మారుతుంది, ఎడం మారితే అక్కడి కెపాసిటెన్సు మారుతుంది. ఆ అణుమాత్రం తేడాను కొలిచి "ఇంత జీ" అని చెబుతుంది చిప్పు. ఇది వాచీల కోసం పుట్టింది కాదు, కార్ల ఎయిర్‌బ్యాగుల కోసం పుట్టింది. పాత ఎయిర్‌బ్యాగుల్లో గొట్టంలో అయస్కాంతం పట్టి ఉంచిన ఇనుప గుండు ఉండేది. గుద్దుకుంటే గుండు విడివడి ముందుకు దొర్లి కరెంటు కలిపేది. 1990ల మొదట్లో అనలాగ్ డివైసెస్ అనే అమెరికన్ కంపెనీ ఏడీఎక్స్‌ఎల్50 అనే చిప్పుతో ఆ గుండును సాగనంపింది. అది 50 జీ దాకా కొలిచేది. ఇప్పటి యాపిల్ కొత్త ఫోన్లలో, వాచీల్లో ఉన్నది 256 జీ దాకా కొలుస్తుంది.

ఇక్కడే ఒక చిన్న లెక్క. నాకిష్టమైన లెక్క కాబట్టి తప్పించుకోలేరు. ఒక మీటరు ఎత్తు నుంచి పడ్డామనుకోండి. అరసెకను కూడా పట్టదు, తగిలేటప్పుడు వేగం గంటకు 16 కిలోమీటర్లు. ఎంత దెబ్బ తగులుతుందన్నది ఈ వేగం ఒక్కటే చెప్పదు. ఎంత దూరంలో ఆగామన్నది చూడాలి. పడ్డ ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే సుమారుగా ఎన్ని జీలో వచ్చేస్తుంది. సిమెంటు గచ్చు మీద మన కండ, చర్మం నొక్కుకుని రెండు సెంటీమీటర్లలో ఆగితే, వందను రెండుతో భాగించండి: 50 జీ. అదే మనిషి వాన పడ్డ చెరువు గట్టు మీద నుంచి బంకమట్టిలోకి జారి ఇరవై సెంటీమీటర్లలో ఆగితే? 5 జీ. గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టినా మణికట్టు మీద 5 జీ దాటిపోతుంది!

కాబట్టి దెబ్బ ఒక్కటి చూసి వాచీ తేల్చలేదు. ముందూ వెనకా చూడాలి. 2018లో వాచీని విడుదల చేస్తూ యాపిల్ అధికారి జెఫ్ విలియమ్స్ చెప్పింది ఇదే. కాలు తట్టుకున్నవాడి చేతులు ముందుకు చాచుకుంటాయి, కాలు జారినవాడి చేతులు పైకి లేస్తాయి. చేతి కదలిక, తర్వాత దెబ్బ, ఆ తర్వాత నిశ్చలం. ఈ మూడూ వరసలో రావాలి. పడ్డాక వాచీ తడుతుంది, మోగుతుంది. సుమారు నిమిషం పాటు కదలిక లేకపోతే అంకెలు లెక్కపెట్టి అత్యవసర నంబరుకు ఫోను చేస్తుంది, ఇంట్లోవాళ్లకు ఎక్కడున్నదీ పంపుతుంది.

ఈ వరసను కనిపెట్టడంలో శాస్త్రవేత్తలు పప్పులో కాలేసిన కథ చెప్పకుండా ముందుకు పోలేను. ఏళ్ల తరబడి ప్రయోగశాలల్లో ఏం చేశారంటే, పాతికేళ్ల విద్యార్థులను పరుపుల మీద పడమన్నారు. వాళ్లు పడ్డారు. కొలిచారు. "నూటికి తొంభై పైన పట్టేస్తున్నాం" అని వ్యాసాలు రాసుకున్నారు. 2012లో ఒక యూరపు బృందం అలా అచ్చయిన 13 పద్ధతులను తీసుకుని, నిజంగా పడ్డ మనుషుల 29 రికార్డుల మీద పరీక్షించింది. సగటున పట్టుకున్నది 57 శాతం! పరుపు మీద, పడతానని తెలిసి పడే కుర్రవాడికీ, వంటింట్లో తెలియక పడే అవ్వకూ పోలికేమిటి? మరుసటి ఏడాది కెనడాలో రాబినోవిచ్ బృందం వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో కెమెరాలు పెట్టి 227 సార్లు పడటాన్ని వీడియోల్లో చూసింది. ముసలివాళ్లు జారిపడతారని లోకమంతా అనుకుంటుంది కదా, జారి పడ్డది 3 శాతమే. 41 శాతం సార్లు ఒంటి బరువును ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదికి సరిగ్గా మార్చుకోలేక పడ్డారు.

దీనికి తిరగేసిన తమాషా కూడా ఉంది. 2018లో ఆ యాపిల్ వాచీ రాగానే వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక ఒక స్టంటు కళాకారిణిని పిలిపించి పడమంది. ఆవిడ పడటాల్లో చాలావాటిని వాచీ అసలు ఖాతరు చేయలేదు. పడటమే వృత్తిగా ఉన్నవాళ్లకు దెబ్బను సాగదీసి ఆగడం తెలుసు. మళ్లీ అదే ఎత్తు, అదే దూరం, అదే లెక్క.

కార్ల సంగతి ఇంకా బాగుంటుంది. పెద్ద దెబ్బ, గుద్దుకున్న చప్పుడు, జీపీఎస్ వేగం ఒక్కసారిగా సున్నాకు పడటం, ఎయిర్‌బ్యాగు విచ్చుకుంటే కారు లోపల గాలి ఒత్తిడిలో కుదుపు. వీటిని కలిపి చూసి వాచీ గానీ ఫోను గానీ ప్రమాదాన్ని తేలుస్తుంది. అద్భుతం. కానీ అమెరికాలో కింగ్స్ ఐలాండ్ పార్కులో రోలర్ కోస్టరు ఎక్కినవాళ్ల ఫోన్లు పోలీసులకు ఫోన్లు చేశాయి. కొలరాడోలోని సమ్మిట్ కౌంటీ అత్యవసర కేంద్రానికి ఒక్క వారాంతంలో మంచు మీద జారేవాళ్ల పరికరాల నుంచి 71 కాల్స్ వచ్చాయి. ఒక్కటీ నిజం కాదు.

మన దగ్గర ఇబ్బంది వేరు. ఈ ఏర్పాటును తయారుచేసింది కార్ల కోసం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. ఏలూరు, భీమడోలు, ఉంగుటూరు, గూడెం మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద ఒక గంట నిలబడి చూడండి, ఈ అంకెకు అర్థం తెలుస్తుంది. బండికి ఎయిర్‌బ్యాగు లేదు, ఒత్తిడి మారడానికి మూసిన గది లేదు. మరో లెక్క చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి జారి మనిషి తారు మీద ఈడ్చుకుపోయాడనుకుందాం. బట్టలకూ తారుకూ రాపిడి గుణకం సుమారు 0.7 వేసుకుంటే, దాదాపు 14 మీటర్లు పోయి ఆగుతాడు. ఆ ఈడుపు పొడవునా అతణ్ని ఆపే బలం 0.7 జీ. అంటే, వాచీ కళ్లకు గట్టిగా బ్రేకు వేసిన కారుకూ దీనికీ తేడా లేదు! సీటు మీద నుంచి నేలకు తగిలిన మొదటి దెబ్బ ఒక్కటే దానికి ఆధారం. ఆ దెబ్బ చేతికి తగలకపోతే అదీ లేదు. చర్మం ఒలిచేసిన ప్రమాదం కాగితం మీద నెమ్మదిగా కనిపిస్తుంది.

ఇక నీళ్లు. కొల్లేరు సరస్సు చుట్టూ చెరువులు, కాలవలు, డ్రెయిన్లు. మనిషి నీళ్లలో పడితే ఆగే దూరం మీటరుకు పైనే, దెబ్బ దాదాపు ఉండదు. పైగా నీరు రేడియో తరంగాలను మింగేస్తుంది. వాచీకీ జేబులో ఫోనుకూ మధ్య నడిచే బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మైక్రోవేవ్ ఓవెన్లో కూరను వేడిచేసేదీ అక్కడే. జానెడు నీళ్లు అడ్డమొస్తే ఆ సిగ్నల్ దాదాపు లేకుండా పోతుంది. ఫోనూ మునిగిందంటే ఇక చెప్పేదేముంది. వాచీకి "వాటర్‌ప్రూఫ్" అని రాసి ఉంటుంది. అది వాచీ పాడవకుండా ఉండటానికి.

కరెంటు షాకు ఇంకా చెడ్డది. తడి చేత్తో మోటారు వైరు పట్టుకున్నవాడి కండరాలు బిగుసుకుపోతాయి, పట్టు వదలదు. వాచీ ఎదురుచూసే "చేతి కదలిక, దెబ్బ, నిశ్చలం" వరసలో మొదటి రెండూ రావు.

దెబ్బే లేకుండా మనుషులు కూలిపోవడాన్ని ఏలూరు చూసింది. 2020 డిసెంబరు 5 నుంచి వారం తిరిగేలోగా వన్‌టౌన్ వైపు వీధుల్లో 600 మందికి పైగా ఉన్నట్టుండి కళ్లు తిరిగి, మూర్ఛలతో పడిపోయారు. అధికారిక లెక్క ప్రకారం ఒకరు చనిపోయారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది. పురుగుమందుల అవశేషాల మీదా అనుమానం వెళ్లింది. మూర్ఛను గుర్తించే చేతి పట్టీ అప్పటికే ఉంది. ఎంపాటికా కంపెనీ చేసిన ఎంబ్రేస్‌కు 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. కండరాల కుదుపుతో పాటు, చెమట వల్ల చర్మంలో కరెంటు ఎంత సులువుగా పారుతోందో అది చూస్తుంది. ఏలూరులో ప్రతి చేతికీ అలాంటి పట్టీ ఉన్నా "ఫలానా వీధిలో పడ్డారు" అనే చెప్పేది. ఎందుకన్నది రక్త పరీక్షలో, నీటి పరీక్షలో తేలాల్సిందే.

ఇప్పుడు గూడెం పాఠకుడికి జవాబు. డబ్బుంటే కొనండి, తప్పులేదు. రోడ్డు మీదా, ఇంటి గచ్చు మీదా పనికొస్తుంది. సొంత సిమ్ములాంటిది ఉన్న రకం కాకపోతే పక్కన ఫోను ఉండాలి. రెండు వేల రూపాయలకు అమ్మే వాచీల్లో చాలావాటికి ఈ విద్య రాదు, డబ్బా మీద బొమ్మ చూసి మోసపోవద్దు. కొన్నాక సెట్టింగుల్లో మీ నంబరు అత్యవసర పేర్లలో చేర్చండి. చేర్చకపోతే అది పిలిచేది 112నే, మీకు కబురు రాదు. కానీ అంతకంటే ముందు మోటారు స్టార్టరుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. కరెంటు లీకైతే ప్రాణం మీదికి వచ్చేలోగా కట్ చేస్తుంది. తర్వాత నాన్నగారికి హెల్మెట్టు, ఒక లైఫ్ జాకెట్టు. ఆ తర్వాతే వాచీ.

గూడెంలో 2015 నుంచి ఎన్‌ఐటీ ఉంది. అక్కడి ఇంజినీరింగు విద్యార్థులకు ఒక మనవి: పరుపుల మీద పడకండి. ఒప్పుకున్న ఆక్వా రైతుల చేతికి, బండి నడిపేవాళ్ల చేతికి యాక్సిలరోమీటర్ కట్టి, బంకమట్టి గట్టు మీదా, తారు రోడ్డు మీదా నిజంగా జరిగే పడటాలను రెండు మూడేళ్లు నమోదు చేయండి. ఆ అంకెలు అందరికీ అందేలా పెట్టండి. ముందుగా మాకు పంపితే ఈ పత్రికలో అచ్చు వేద్దాం.