అపస్మారం – పిల్లల చదువు

నటరాజమూర్తి పాదం క్రింద అణగి ఉండే మరుగుజ్జుకు అపస్మార పురుషుడని పేరు. స్మృతి తొలగిపోవడమే అపస్మారం. చరకసంహిత నిదాన, చికిత్సా స్థానాలు రెండింటిలోనూ మూర్ఛవ్యాధికి ఈ పేరుతోనే ఒక్కొక్క అధ్యాయం ఉన్నది. చూసేవారిని భయపెట్టేది కాళ్ళు చేతులు కొట్టుకోవడమే అయినా, ప్రాచీనులు పేరు పెట్టింది స్మృతిని బట్టి. పెరిగే వయస్సులోని పిల్లల తల్లిదండ్రులు గమనించవలసినది కూడా అదే.

మెదడులోని నాడీకణాలు సన్నని విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. ఆ సంకేతాలు ఒక్కసారిగా అదుపు తప్పి చెలరేగడమే మూర్ఛ. కాన్పు సమయంలో బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం, మెదడువాపు, మెదడులో చేరిన బద్దెపురుగు తిత్తులు, జన్యుకారణాలు – ఇలా మూలాలు అనేకం. ఈ వ్యాధి ఉన్న పిల్లలలో చాలామంది తెలివితేటలలో తోటివారికి ఏమాత్రం తీసిపోరు. అయినప్పటికీ వారిలో కొందరు చదువులో వెనుకబడుతూ ఉంటారు. కారణం తెలియక పెద్దలు వారిని మందబుద్ధులనో సోమరులనో నిందిస్తారు.

క్రింద పడకుండానే వచ్చే మూర్ఛ ఒకటున్నది. పాఠం వింటున్న పిల్ల ఉన్నట్టుండి మాట మధ్యలో ఆగిపోతుంది. చూపు నిలిచిపోతుంది, రెప్పలు సన్నగా అదురుతాయి. ఐదు పది సెకన్లలో ఏమీ జరగనట్లు మళ్ళీ పనిలో పడుతుంది. రోజులో ఇది పదులసార్లు రావచ్చు. ఉపాధ్యాయుడు చెప్పిన వాక్యంలో నడుమ రెండు మాటలు ఆమె నోటుపుస్తకంలో ఉండవు. అవి తాను వినలేదన్న సంగతి కూడా ఆమెకు తెలియదు. గణితంలో ఒక మెట్టు జారితే తరువాతి మెట్లన్నీ అయోమయమే కదా! దీనిని పరధ్యానమని పొరబడడం సహజం. పరధ్యానంలో ఉన్న పిల్ల భుజం తట్టి పిలిస్తే పలుకుతుంది. మూర్ఛలో ఉన్న పిల్ల పలకదు. అనుమానం కలిగితే మెదడు తరంగాలను నమోదు చేసే ఇ.ఇ.జి. పరీక్ష చేయించాలి. తగిన మందుతో చాలామందిలో ఇది అదుపులోకి వస్తుంది.

పగలు నేర్చినది మనస్సులో స్థిరపడడానికి నిద్ర అవసరం. కొందరు పిల్లలలో నిద్రలోనే ఈ విద్యుత్ అలజడి పెరిగి ఆ పనికి భంగం కలిగిస్తుంది. 1957లో లాండౌ, క్లెఫ్నర్ అనేవారు అరుదైన ఒక స్థితిని వర్ణించారు: చక్కగా మాట్లాడే పిల్లలు క్రమంగా మాటల అర్థం గ్రహించలేకపోతారు. చెవుడని భావించి పరీక్షిస్తే వినికిడి సరిగానే ఉంటుంది. వచ్చిన మాటలు పోతున్నాయంటే ఆలస్యం చేయరాదు.

మందుల ప్రభావం మరొకటి. 1912 నుండి వాడుకలో ఉన్న ఫినోబార్బిటోన్ చవకైనది, మేలు చేసేదే. కాని కొందరు పిల్లలలో మగతను, చిరాకును, ధ్యాసలోపాన్ని కలిగిస్తుంది. టోపిరమేట్ వాడేవారికి ఒక్కోసారి తగిన మాట వెంటనే తోచదు. ఇటువంటివి కనిపిస్తే వైద్యునితో చెప్పి మోతాదునో మందునో మార్పించుకోవాలి. మ్రొక్కు చెల్లించామనో, ఫిట్స్ రావడం లేదనో సొంతంగా ఆపివేయడం ప్రాణాపాయం. హఠాత్తుగా మాన్పిస్తే ఎడతెగని మూర్ఛ రావచ్చు.

ఫిట్స్ అదుపులోకి వచ్చినా చదవడం, వ్రాయడం, లెక్కలు కష్టమైతే మనస్తత్వ నిపుణునిచేత పరీక్ష చేయించడం మంచిది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాన్ని కూడా గుర్తించింది. ధ్రువపత్రం పొందినవారికి పరీక్షలలో అదనపు సమయం వంటి వెసులుబాట్లు ఉన్నాయి. బడి మాన్పించడం మాత్రం వ్యాధికంటె ఎక్కువ చేటు. ఇది అంటువ్యాధి కాదు.

యాత్రకు వచ్చే కుటుంబాలకు ఒక మాట. నిద్రలేమి, మందు తప్పడం మూర్ఛను రప్పిస్తాయి. కనుక ఇటువంటి పిల్లలచేత జాగరణ చేయించవద్దు. మందులను భద్రపరచే గదిలోని సామానులో కాక చేతిసంచిలో ఉంచుకోవాలి. వరుసలో నిలిచి ఉండగా ఫిట్స్ వస్తే ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి; నోటిలో ఏదీ పెట్టరాదు, నీరు పోయరాదు. చేతిలో తాళాలు పెట్టినందువల్ల ప్రయోజనం లేదు. ఐదు నిమిషాలు దాటితే వెంటనే వైద్యసహాయం కోరాలి. పుష్కరిణిలో స్నానం చేయించేటప్పుడు పెద్దవారొకరు చేయి పట్టుకొనియే ఉండాలి.