రొంప ఎవరికి ముదురుతుంది?

జలుబుతో మొదలయ్యే వైరస్ జబ్బు కొందరిలో మూడు రోజుల్లో తగ్గిపోతుంది, కొందరిని ఆక్సిజన్ మీదికి తెస్తుంది. ఈ తేడాలో వైరస్ పాత్ర కొంతే. రోగి వయసు, ఆడా మగా అన్నది కూడా అందులో పెద్ద పాత్ర వహిస్తాయి. ఈ విషయంలో ప్రపంచమంతా చదివిన అధ్యయనాల్లో ఒకటి మన దగ్గరి నుంచే వెళ్లింది. 2020లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఆరోగ్య సిబ్బంది ఊరూరా తిరిగి సేకరించిన కోవిడ్ వివరాలను రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం విశ్లేషించి ఆ ఏడాదే ‘సైన్స్’ పత్రికలో ప్రచురించింది. వ్యాధి నిర్ధారణ అయినవారు 84,965 మంది, వారితో మెలిగి పరీక్ష చేయించుకున్నవారు 5,75,071 మంది ఆ లెక్కలో ఉన్నారు. వ్యాధి సోకిన 5–17 ఏళ్ల పిల్లల్లో మరణాలు 0.05 శాతం, 85 ఏళ్లు దాటినవారిలో 16.6 శాతం. అంటే మూడు వందల రెట్లకు పైగా తేడా.

అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. మరణించినవారిలో 75 ఏళ్లు దాటినవారి వాటా అమెరికాలో కంటే ఇక్కడ చాలా తక్కువ. మన దగ్గర యాభై, అరవై ఏళ్లవారే ఎక్కువగా పోయారు. చనిపోయినవారిలో ఎక్కువగా కనిపించిన పాత జబ్బు షుగర్, ఆ తర్వాతది బీపీ. కాబట్టి ఆధార్ కార్డులోని వయసు ఒక్కటే చాలదు, ఒంట్లో జబ్బుల లెక్కా చూడాలి.

ముసలితనంలో ప్రమాదం పెరగడానికి కారణాలు శరీరంలోనే ఉన్నాయి. కొత్త శత్రువును గుర్తించే టి కణాలు ఛాతీలోని థైమస్ గ్రంథిలో తయారవుతాయి. ఆ గ్రంథి యుక్తవయసు నుంచే కుంచించుకుపోతూ వస్తుంది. అరవై దాటేసరికి పాత వైరస్‌లను ఎదిరించే కణాలు మిగులుతాయి కానీ, ఎన్నడూ చూడని వైరస్‌కు కొత్త సైన్యం లేవదు. పైగా వయసుతో ఒంట్లో సన్నటి వాపు ఎప్పుడూ రగులుతూనే ఉంటుంది, ఇన్‌ఫెక్షన్ రాగానే అది అదుపు తప్పుతుంది. పక్కటెముకలు బిగుసుకుని, దగ్గులో బలం తగ్గి, కఫం బయటికి రాదు.

పిల్లలందరూ భద్రమేనని దీన్నిబట్టి అనుకుంటే పొరపాటు. కోవిడ్ వారిని చాలావరకు వదిలేసింది గానీ ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ వదలదు. ఏటా ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లలు సుమారు లక్షమంది దాని వల్ల చనిపోతున్నారని అంచనా. ఎక్కువ ప్రమాదం ఆరు నెలల్లోపు బిడ్డలకు. వారి శ్వాసనాళాలు ఎంత సన్నగా ఉంటాయంటే, కాస్త వాపు, కాస్త కఫం చేరితే చాలు, దారి మూసుకుపోతుంది. ఆస్పత్రిలో చేరేవారిలో మగపిల్లలే కొంత ఎక్కువ.

ఆడ, మగ తేడాకు మూలం కొంత క్రోమోజోముల్లోనే ఉంది. వైరస్ జాడను పసిగట్టే టీఎల్‌ఆర్7 జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉంటుంది. ఆడవారికి రెండు ఎక్స్‌లు, మగవారికి ఒకటే. ఆ ఒక్కటీ చెడితే ఏమవుతుందో 2020లో నెదర్లాండ్స్‌లో కనిపించింది. రెండు కుటుంబాలకు చెందిన నలుగురు ఆరోగ్యవంతులైన యువకులు కోవిడ్‌తో ఐసీయూ పాలయ్యారు. పరీక్షిస్తే ఆ జన్యువే పనిచేయడం లేదు. వైరస్‌పై తొలి హెచ్చరికగా పనిచేసే ఇంటర్‌ఫెరాన్లను సొంత శరీరమే అడ్డుకునే సందర్భాలూ ఉన్నాయి. ప్రాణాపాయ స్థితికి చేరిన 987 మంది కోవిడ్ రోగుల్లో 101 మందికి ఇలాంటి యాంటీబాడీలు కనిపించాయి. ఆ 101 మందిలో 95 మంది మగవారే. ఆడవారిలో చురుగ్గా ఉండే ఈ రోగనిరోధక శక్తికి మూల్యం కూడా ఉంది. ల్యూపస్, కీళ్లవాతం లాంటి సొంత ఒంటిపైనే తిరగబడే జబ్బులు వారికే ఎక్కువ.

అయితే జన్యువులతోనే అంతా తేలదు. సిగరెట్, బీడీ, చుట్ట మగవారి ఊపిరితిత్తులను ముందే పాడుచేసి ఉంచుతాయి. కట్టెల పొయ్యి పొగ ఆడవారిని అలాగే దెబ్బతీస్తుంది. జన్యువులతోనే అంతా తేలదనడానికి 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా గట్టి సాక్ష్యం. భారతదేశంలో కోటి మందికి పైగా బలిగొన్న ఆ జబ్బు ముసలివారి కంటే 20–40 ఏళ్లవారిని ఎక్కువగా చంపింది, మగవారి కంటే ఆడవారిని ఎక్కువగా తీసుకుపోయింది. రోగుల పక్కన కూర్చుని సేవ చేసింది వారే, తిండి చివర తిన్నదీ వారే. గర్భం కూడా ఒక కారణం. ఆ నెలల్లో కడుపు పెరిగి ఊపిరి ఆడే చోటు తగ్గుతుంది, రోగనిరోధక శక్తి తీరు మారుతుంది. 2009 స్వైన్ ఫ్లూలోనూ గర్భిణుల పరిస్థితే కష్టమైంది. ఆ ఏడాది వృద్ధులు మాత్రం కొంత తప్పించుకున్నారు, చిన్నప్పుడు ఆ కోవకు చెందిన వైరస్‌ను చూసినవారు కాబట్టి.

వయసంటే పుట్టిన ఏడాది కూడా అన్నది ఇక్కడే తెలుస్తుంది. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరులో కోళ్లకు సోకిన బర్డ్ ఫ్లూ హెచ్5ఎన్1 రకం. మనుషుల్లో ఈ రకం ఎక్కువగా పిల్లలు, యువకులకే ముదురుతుంది. చైనాలో బయటపడిన హెచ్7ఎన్9 మాత్రం వృద్ధులను కుంగదీసింది. 1968కి ముందు పుట్టినవారికి బాల్యంలో సోకిన ఫ్లూ రకాలు హెచ్5కు దగ్గరి చుట్టాలు, తర్వాత పుట్టినవారిలో చాలామందికి తొలిసారి సోకినవి హెచ్7కు దగ్గరివి. ఆ మొదటి పరిచయం జీవితాంతం కొంత కాపు కాస్తుందని 2016లో శాస్త్రవేత్తలు చూపారు.

ఇంట్లో గమనించాల్సిన గుర్తులూ వయసును బట్టి మారతాయి. పసిబిడ్డ పాలు వదిలేసి డొక్కలు ఎగరేస్తుంటే ఆగకూడదు. పెద్దవారికి జ్వరం అంతగా రాకుండానే జబ్బు ముదరవచ్చు. తిండి మానడం, మాట తడబడటం, మత్తుగా పడుకోవడమే వారిలో తొలి సూచనలు. గర్భిణికి ఆయాసం వస్తే అది కడుపు బరువేనని సరిపెట్టుకోకుండా వేలికి ఆక్సిమీటర్ పెట్టి చూడండి, 95 కంటే తక్కువ చూపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.