పట్నానికీ అడవి దారికీ ఒకే బండి

పెనుబల్లి, కల్లూరు, సత్తుపల్లి ప్రాంతాలలో ఈనాడు ఎన్నో కుటుంబాలు రెండు చోట్ల బ్రతుకుతున్నాయి. పిల్లల చదువుల కోసం ఖమ్మంలోనో విజయవాడలోనో అద్దె ఇల్లు. పొలము, మామిడి తోట, పామాయిల్ తోట, వృద్ధులైన తల్లిదండ్రులు ఇక్కడ అడవి అంచున. అందుచేత నాలుగు చక్రాల బండి కొనే మాట వచ్చినప్పుడు ఇంట్లో రెండు కోరికలు బయలుదేరుతాయి. "అత్తమ్మ, పిల్లలు సుఖంగా కూర్చునే కారు కావాలి" అని ఇల్లాలు అంటుంది. "ఎక్కడికైనా పోయే జీపులాంటిది కావాలి" అని ఇంటాయన అంటాడు. ఆ రెండో మాట వెనుక కొన్నిసార్లు పైకి చెప్పని కోరిక మరొకటి ఉంటుంది. స్నేహితులతో కలిసి ఒక రాత్రి కనకగిరి కొండల వైపో, పాల్వంచ అడవుల వైపో వేటకు వెళ్లాలని.

బండి అన్నది మన కుటుంబాలలో ఇల్లు, పెళ్లి తరువాత చేసే పెద్ద ఖర్చు. గనుక ఈ కోరికలన్నిటినీ ఒకచోట పెట్టి, తొందర లేకుండా ఆలోచించుట మంచిదని మేము తలంచుచున్నాము.

వేటకూ జీపుకూ పొత్తు ఎలా కుదిరింది?

అడవిని నమ్ముకొని బ్రతికిన కోయవారికి భూమి పండుగ రోజుల్లో ఊరి మగవారందరూ కలిసి వేటకు వెళ్లే ఆచారం ఉండేది. విల్లు, బాణము, కాలినడక. అందులో బండి ప్రసక్తే లేదు. మోటారు బండి మీద వేట అనేది రాజులు, దొరల సరదా. రాజస్థాన్‌లోని కోటా మహారాజు కోసం 1925లో పులుల వేటకని ఇంగ్లాండులో ఒక రోల్స్‌రాయిస్ కారు తయారయింది. దానికి పెద్ద పెద్ద సెర్చిలైట్లు అమర్చారు.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత అలాంటి కార్ల స్థానంలో జీపు వచ్చింది. అమెరికా సైన్యం కోసం పుట్టిన విల్లీస్ జీపును మహీంద్రా కంపెనీ 1947 నుండి మన దేశంలో బిగించి అమ్మసాగింది. నాలుగు చక్రాలూ లాగుతాయి, పైకప్పు గుడ్డ విప్పవచ్చు, బురద దాటుతుంది. 1985లో మారుతి జిప్సీ వచ్చింది. 1994లో టాటా సుమో వచ్చింది. ఆ విధంగా జీపు అంటే అడవి, అడవి అంటే వేట అనే భావం మన మనసుల్లో పాతుకుపోయింది. ఈనాడు థార్ బండి ప్రకటన చూచిన యువకుని కళ్లలో మెదిలేది కూడా ఆ పాత బొమ్మే.

ఆ రోజులు పోయాయి

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అప్పట్లో కొన్ని జంతువులను లైసెన్సు తీసుకొని వేటాడే వీలు ఉండేది. అయితే మోటారు వాహనం మీద నుండి వేటాడడాన్ని ఆ చట్టం అప్పుడే నిషేధించింది. 1991లో చేసిన సవరణతో లైసెన్సు వేట కూడా ముగిసిపోయింది. 1977 నుండి అభయారణ్యముగా ఉన్న కిన్నెరసాని పరిసరాలు మనకు ఎంతో దూరం కావు. దుప్పి, కణుజు, అడవిపంది, నెమలి, ఇవన్నీ చట్టం కాపుదలలో ఉన్నవే.

2022 సవరణ తరువాత శిక్షలు ఇలా ఉన్నాయి. సాధారణ నేరానికి 3 సంవత్సరాల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మొదటి షెడ్యూలులోని జంతువును చంపినా, అభయారణ్యంలో వేటాడినా 3 నుండి 7 సంవత్సరాల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. "చంపింది వేరేవారు, మేము మాంసం మాత్రమే కొన్నాము" అన్నా కుదరదు. కొనడం, దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే.

బండి కొనేవారు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన సంగతి మరొకటి ఉన్నది. వేటకు వాడిన వాహనాన్ని ఆపి సోదా చేసే అధికారం, పట్టుకొనే అధికారం అటవీ అధికారులకు ఉన్నది. అలా పట్టుబడిన బండి ప్రభుత్వపరం కావచ్చును.

ఇందులో కుటుంబానికి వచ్చే నష్టం ఎంతో ఒక లెక్క వేసి చూద్దాము. బ్యాంకులో 8 లక్షలు అప్పు తీసుకొని, నూటికి సంవత్సరానికి 10 వడ్డీ చొప్పున 5 సంవత్సరాలలో తీర్చాలంటే నెలకు సుమారు 17,000 రూపాయలు కట్టాలి. బండి అటవీ శాఖ ఆవరణలో ఎండకు ఎండి, వానకు తడుస్తున్నా ఆ వాయిదా ఆగదు. కోర్టు చుట్టూ తిరిగే ఖర్చు వేరు. ఇల్లాలు ఒక మాట అనకపోయినా, పిల్లల ఫీజుల నెల వచ్చినప్పుడు ఆ లోటు ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.

తాము స్వయంగా వేటకు వెళ్లనివారికి కూడా ఈ ప్రమాదం తప్పదు. "బావా, ఒక్క రాత్రికి బండి ఇయ్యి, తెల్లవారేసరికి తెచ్చి పెడతాం" అని చుట్టాలు అడుగుతారు. మొగమాటం మన పల్లెల్లో చాలా ఖరీదైన గుణం. "పెళ్లికైతే తీసుకపో, ఆసుపత్రికైతే నేనే తోలుకొస్తా, అడవికి మాత్రం ఇయ్యను" అని మొదటి రోజే నవ్వుతూ చెప్పినవారికి తరువాత బంధుత్వం చెడదు. పట్టుబడిన తరువాత "నాకు తెలియదు" అని నిరూపించుకొనే భారం యజమాని నెత్తిన పడుతుంది.

అడవిపందులు పంట పాడుచేసే బాధ నిజమే. మొక్కజొన్న, వేరుశనగ వేసిన రైతుకు ఆ బాధ ఎంతటిదో మాకు తెలుసు. దానికి అటవీ శాఖకు అర్జీ పెట్టుకొనే మార్గం ఉన్నది. ప్రమాదకరమైన జంతువులను అధికారుల అనుమతితో మాత్రమే తొలగిస్తారు. జీపు, టార్చిలైటు, నాటు తుపాకి దానికి జవాబు కాదు. కరెంటు తీగల ఉచ్చులు అసలే కాదు. వాటికి తగిలి మనుషులే చనిపోయిన సంఘటనలు మన రాష్ట్రంలో ఎన్నో జరిగాయి.

ఇక మిగిలిన ప్రయాణాలు ఏవి?

వేటను తీసివేసినా అడవి దారి మనకు ఉండనే ఉంటుంది. తోటకు ఎరువు బస్తాలు, కాపలావానికి బియ్యం, గూడెంలో ఉన్న చుట్టాల ఇంటికి పయనం, లంకాసాగర్ చెరువు గట్టుకు పిల్లలతో షికారు, భద్రాచలం దాటి బంధువుల ఊరు. బండి కొనేముందు ఒక కాగితం తీసుకొని, గడచిన సంవత్సరంలో ఇంటివారు చేసిన ప్రయాణాలన్నీ వ్రాయండి. బడి, సంత, ఆసుపత్రి, ఆదివారం ఆరాధన, పెళ్లిళ్లు ఒకవైపు. మట్టిదారి, అడవి దారి పట్టిన రోజులు ఇంకొకవైపు. రెండో వరుసలో 15, 20 రోజులకు మించి రాకపోతే, మిగిలిన 345 రోజుల కోసం బండి కొనండి. ఆ కొద్ది రోజులకు కిరాయి జీపు చాలు.

చూడవలసిన గుణాలు

మొదటిది, బండి అడుగుకూ నేలకూ మధ్య ఎత్తు. రాళ్లు తేలిన దారిలో నూనె ట్యాంకు పగలకుండా కాపాడేది ఇదే. మారుతి స్విఫ్ట్‌లో ఇది 163 మిల్లీమీటర్లు, బొలెరోలో సుమారు 180, జిమ్నీలో 210, థార్‌లో 226. కాని ఇవి ఖాళీ బండి లెక్కలు. అయిదుగురు ఎక్కి రెండు బస్తాలు వేస్తే ఎత్తు తగ్గుతుంది. మా ప్రాంతపు దారులకు 180 నుండి 200 వరకు ఉంటే చాలావరకు సరిపోతుంది.

రెండవది, నాలుగు చక్రాల లాగుడు. వానాకాలంలో తోట దారి దిగబడేవారికి ఇది నిజంగా ఉపకరిస్తుంది. తారురోడ్డు మీద తిరిగేవారికి ధర, బరువు, పెట్రోలు ఖర్చు పెరుగుటయే మిగులుతుంది. తడిసిన రేగడిలో సాదా టైర్లతో నాలుగు చక్రాలూ కలిసి జారడం ట్రాక్టరు తోలే రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మూడవది, సీట్లు. జిమ్నీలో కూర్చునేది నలుగురే. మూడు తలుపుల థార్‌లో వెనుక సీటుకు చేరాలంటే మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మకు కష్టం. 2024లో అయిదు తలుపుల థార్ రాక్స్ వచ్చింది గాని ధర ఎక్కువ. బొలెరో గట్టిది, పల్లె మెకానిక్కులకు బాగా తెలిసినది. అయితే దాని వెనుక అడ్డసీట్లలో పసిపిల్లలను కూర్చోబెట్టుట క్షేమం కాదు.

నాల్గవది, డీజిలా పెట్రోలా? 2020 ఏప్రిల్ నుండి అమ్ముతున్న కొత్త డీజిల్ బండ్లకు పొగలోని మసిని పట్టే జల్లెడ ఉంటుంది. అది శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడు పెద్దరోడ్డు మీద ఆగకుండా కొంతసేపు నడవాలి. రోజూ ఖమ్మం వీధుల్లో బడి వరకు మాత్రమే తిరిగే బండిలో ఆ జల్లెడ మూసుకుపోయి ఖర్చు తెస్తుంది. నెలనెలా దూరప్రయాణాలు ఉన్నవారికే డీజిల్ గిట్టుతుంది.

అయిదవది, క్షేమం. సత్తుపల్లి బొగ్గు టిప్పర్లు, భద్రాచలం లారీలు తిరిగే దారిలో మన బండి ఎక్కువ రోజులు నడుస్తుంది. అక్కడ ప్రాణం కాపాడేవి బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, సీటుబెల్టులు. 2023 అక్టోబరు నుండి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పేరిట కార్లను గుద్దించి చూచి నక్షత్రాలు ఇస్తున్నారు. కొనబోయే బండికి ఎన్ని నక్షత్రాలు వచ్చాయో దుకాణంలో తప్పక అడగండి.

ఆరవది, రిపేరు. ఆ బండి సామాను సత్తుపల్లిలోనో కొత్తగూడెంలోనో దొరుకుతుందా, ఖమ్మం దాకా పోవాలా? మన ఊళ్లో ఆ బండి వాడుతున్న ఇద్దరిని విచారిస్తే నిజం తెలుస్తుంది.

తగిలించకూడనివి, దిగకూడనివి

జీపులాంటి బండి కొనగానే ముందు ఇనుప కమ్ములు, పైన వరుస లైట్లు బిగించడం ఒక మోజు అయింది. ముందుభాగపు ఆ కమ్ములు చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు తెలియజేసింది. గుద్దుకున్నప్పుడు దెబ్బను మెత్తబరచే భాగాలను అవి పని చేయనివ్వవు, ఎదుటి పాదచారికి మరణం తెస్తాయి. పైకప్పు మీద బరువు వేస్తే మలుపులో బండి బోల్తాపడే భయం ఎక్కువ.

ఎంత ఎత్తు బండి అయినా పారే వాగులో దిగరాదు. ఒక అడుగు లోతు పారే నీరు చిన్న కారును తేల్చగలదు. రెండు అడుగులైతే పెద్ద బండ్లను కూడా ఈడ్చుకుపోతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన రోజులు, 2024 సెప్టెంబరులో ఖమ్మంలో మున్నేరు ఇళ్లను ముంచిన రోజు మనం మరువలేదు. కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే ఈ ఒడ్డునే ఆగడం పిరికితనం కాదు.

చివరికి నిర్ణయం ఎవరిది?

మా ఆలోచన ఇది. పట్నంలో పిల్లలు, ఇక్కడ తోట ఉన్న సాధారణ కుటుంబానికి, నేలకు కొంచెం ఎత్తుగా ఉండి, రెండు చక్రాలతో నడిచే, అయిదుగురు లేక ఏడుగురు ఎదురుచూపుగా కూర్చునే పెట్రోలు బండి చాలు. వానాకాలమంతా మట్టిదారి దాటవలసినవారు మాత్రమే నాలుగు చక్రాల లాగుడు కొనాలి. మంచి స్థితిలో ఉన్న పాత బండి దొరికితే అప్పు సగం తగ్గుతుంది. అయితే దాని మీద కేసులు, బాకీలు లేవని విచారించుకోవాలి.

దుకాణానికి ఇంటాయన ఒక్కడే వెళ్లి బయానా ఇచ్చి రావద్దు. ఇల్లాలిని, పెద్దవారిని, పిల్లలను తీసుకొని వెళ్లండి. నాయనమ్మను ఎక్కించి దింపి చూడండి. బడిసంచులు, ఒక బియ్యం బస్తా వెనుక పడతాయో లేదో చూడండి. అందరూ ఎక్కిన బండిని ఒకసారి పల్లె దారిలో నడపనివ్వమని అడగండి. ఆ తరువాత ఇంటికి వచ్చి, నెలవారీ వాయిదా మొత్తం కాగితం మీద వ్రాసి, అందరూ కూర్చొని మాట్లాడుకున్న పిమ్మటనే డబ్బు కట్టండి.