ఓరుగంటి అభయము – అవచివారి పరిమళము

పారిసు నగరమున 1775లో ఊబిగాన్ అను పరిమళశాల వెలసినది. దాని పేరు నేటికిని సీసాలమీద నిలిచియున్నది. అట్టి ప్రతిష్ఠగల సుగంధ వర్తకగృహ మొకటి తెలుగునాటను ఉండెను. అది కొండవీటి రెడ్లనాటి అవచివారి ఇల్లు. అయినను దాని కథను ఓరుగంటినుండి మొదలుపెట్టుటే న్యాయము.

తుపానునకు చెదరి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును తీరమునేలు రాజులు హరించుట పూర్వపు ఆచారము. ప్రాణములొడ్డి కడలి దాటినవానికి ఒడ్డున ఎదురగునది దోపిడి! కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము నిలిపి ఈ దుర్నయమును మాన్పెను. ధనము ప్రాణముకంటె ప్రియమని ఎంచి సముద్రయానమునకు సాహసించిన వర్తకులపై దయతోను, కీర్తిధర్మములను కోరియు, నిర్ణీత సుంకము తప్ప సర్వమును విడిచిపెట్టుచున్నట్లు అందు చెప్పించెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒక వంతు. ఈ దయయందు లెక్క లేకపోలేదు. భయమున్న రేవునకు ఓడ రాదు; ఓడ రానిచో సుంకమును లేదు. ఆ సుంకపు పట్టీ చదువుచుండగా సుగంధపేటిక మూత తీసినట్లుండును: చందనము, చీనికర్పూరము, కర్పూరతైలము, పన్నీరు, జవ్వాజి. ముత్యములు, దంతము, పగడములు సరేసరి.

1323లో ఓరుగల్లు పడినది. రేవు రెడ్డిరాజుల ఏలుబడికి వచ్చెను. 1358లో అనపోతరెడ్డి అచ్చటనే వర్తకులకు మరల అభయమిచ్చెను. ఇట్టి నీడననే అవచివారివంటి కుటుంబములు వర్ధిల్లినవి.

అవచి తిప్పయసెట్టి కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చినవాడు. రాజునకు కర్పూరవసంతరాయలను బిరుదు దక్కినది. కర్పూరము తెచ్చినవాడు మాత్రము సెట్టి. శ్రీనాథుడు తన బాలసఖుడైన ఈ తిప్పయకే హరవిలాసమును అంకితమిచ్చెను. అందలి అవతారిక ఒక భూగోళపటము. పంజారమునుండి కర్పూరవృక్షములు, గోవనుండి సంకుమదము, భోటదేశమునుండి కస్తూరి వచ్చినవట! నేటి మయన్మారు తీరమందలి తరుణాసీరి, తవాయి రేవుల పేర్లును అందు గలవు. సంకుమద మనగా జవ్వాజియే. పునుగుపిల్లి గ్రంథినుండి వచ్చు ఈ ద్రవ్యమునే ఫ్రెంచి పరిమళకారులును పూలవాసన త్వరగా చెదరకుండ నిలుపుటకు చిరకాలము వాడిరి.

హరవిలాసమునందలి చిరుతొండనంబి కథ చెప్పు ఉపాధ్యాయులు దాని వెనుకనున్న ఈ అంగడిని గూడ విద్యార్థులకు చూపవచ్చును. అవచివారి పరిమళము ఏనాడో గాలిలో కలిసినది. బాపట్ల జిల్లా మోటుపల్లి వీరభద్రాలయ మండపస్తంభముపై మాత్రము ఏ సరకునకు ఎంత సుంకమో చెక్కిన అక్షరములు నిలిచియున్నవి.