కుట్ల నొప్పికి మందుతోబాటు కథ కూడా!

“ఏడ్చినావంటే సూది వేయిస్తా!” పల్లెల్లో మారాం చేసే పిల్లలను పెద్దలు బెదిరించే మాట ఇది. ఆ బిడ్డకే ఆపరేషను అవసరమై కర్నూలు పెద్దాసుపత్రికో, కడప రిమ్స్‌కో తీసుకుపోతే నర్సమ్మను చూడగానే హడలిపోతాడు. భయం పెరిగిన కొద్దీ నొప్పీ పెరుగుతుంది.

ఆపరేషను తరువాత నొప్పికి డాక్టర్లు మందులిస్తారు. వాటికి తోడుగా నర్సులు చేయగల మందులేని ఉపాయాలు కొన్ని ఉన్నాయి. కథ చెప్పడం, పొడుపుకథ వేయడం, పాట వినిపించడం, గాయానికి దూరంగా చేతులు, పాదాలు మెల్లగా నిమరడం వంటివి. పైసా ఖర్చు లేదు.

ఇందులో మాయ ఏమీ లేదు. ఆటలో పడిన పిల్లవాడికి కాలిలో తుమ్మముల్లు దిగినా ఇల్లు చేరేదాకా తెలియకపోవచ్చు. రాయి తగిలిన వేలిని మనం వెంటనే రుద్దుకుంటాం. నొప్పి కబురు నరాల గుండా వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు పోతుంది. వెన్నుపాములో గేటు వంటి ఏర్పాటు ఉన్నదని, స్పర్శ దానిని కొంత మూయగలదని మెల్‌జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు 1965లో ప్రతిపాదించారు.

పసికందులకు నొప్పి అంతగా తెలియదని ఒకప్పుడు డాక్టర్లు సైతం నమ్మేవారు. ఇండోరులో వైద్యం చదివిన డాక్టర్ కన్వల్‌జీత్ ఆనంద్ ఇంగ్లండులో చేసిన పరిశోధన 1987లో వెలువడి ఆ నమ్మకాన్ని కదిలించింది. చంటిబిడ్డకు తల్లి ఒడి, చనుబాలు గొప్ప ఊరట. అయితే ఆపరేషను అయ్యాక పాలు ఎప్పుడు పట్టాలో సిస్టరును అడిగి తీరాలి.

మూడేళ్లు దాటిన పిల్లలకు ఆరు ముఖాల బొమ్మలు చూపుతారు. నవ్వు ముఖం మొదలు ఏడుపు ముఖం దాకా ఉన్నవాటిలో తన నొప్పి ఏదో బిడ్డే వేలు పెట్టి చూపుతాడు.

కడుపు ఆపరేషను అయిన బిడ్డ నొప్పికి భయపడి దగ్గకుండా, నిండుగా ఊపిరి తీయకుండా ఉంటే కఫం చేరి న్యుమోనియా రావచ్చును. అందుకే దిండును కడుపుకు ఆనించి పట్టుకొని దగ్గమంటారు. సబ్బునీటి బుడగలు ఊదిస్తారు. ఆటకు ఆట, ఊపిరికి ఊపిరి!

తల్లిదండ్రులు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ ఉపాయాలు ఉన్నాయి కదా అని మందు మానరాదు. కదలక పడుకున్న బిడ్డకు నొప్పి లేదనుకోరాదు. కుట్లపై పసుపు, ఆకుపసరు పూయరాదు. నొప్పి ఎక్కువైనా, జ్వరం వచ్చినా, చీము కనిపించినా వెంటనే నర్సుకు చెప్పాలి. “నొప్పే ఉండదు” అని అబద్ధం ఆడేకంటే, “కొంచెం నొప్పి ఉంటుంది నాయనా, నేను పక్కనే ఉంటా” అనడం మేలు. సూది పేరు చెప్పి బెదిరించడం ఈరోజు నుంచే మానుకుంటే నర్సు పని సగం తేలికవుతుంది.